గృహవిజ్ఞానము: మసిలోని వెలుగు



గత మాసమున నల్లగొండ జిల్లాలోని యొక పల్లెనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. అందలి సారాంశ మిది: "నారింజపండ్ల రసమును కాచి, చీకటిలో వెలుగునట్టి బొగ్గుపొడిని శాస్త్రజ్ఞులు చేయుచున్నారనియు, అది నీటిలోని విషమును, దేహములోని రోగమును గూడ చూపుననియు మా పెద్దబ్బాయి చదివి వినిపించినాడు. మా అత్తగారికి నడుము వంగి, మెడ త్రిప్పలేని స్థితి వచ్చి చాల యేండ్లయినది. మా చిన్నవాని పండ్లమీద గోధుమవన్నె చారలు పడుచున్నవి. మా బోరుబావి నీరు చూచుటకు అద్దమువలె తేటగా నుండును. ఆ పొడి యెక్కడ దొరకునో తెలుపుడు. వెల యెంతయైనను తెప్పించుకొందుము."

ఈ జాబులోని కడపటి మాట మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. వెల యెంతయైనను ఇచ్చెదమను ఇంటివారికి సరియైన సమాధానము మొదట చెప్పనిచో, ఏదో యొక అమ్మకపువాడు వచ్చి తప్పు సమాధానము చెప్పిపోవును. కావున ఈ మాసము రెండు ప్రశ్నలను వేఱువేఱుగా విచారించెదము. ఆ వెలుగు నిజమేనా యనునది మొదటిది. నిజమైనచో, అది నేడు మన మంచినీళ్ల బిందెకు పనికివచ్చునా యనునది రెండవది.

కాటుక భరిణెలో నేమున్నది?

మన అమ్మమ్మలు కాటుక పట్టు విధము మనకు తెలియనిది కాదు. ఆముదపు దీపము వెలిగించి, దానిపై రాగిపళ్లెము బోర్లించి, తెల్లవాఱునప్పటికి అంటిన మసిని గీకి, వెన్నతోనో ఆముదముతోనో నూఱి భరిణెలో నుంచెడివారు. చీకటిని కాటుకతో పోల్చుట మనకు వాడుక. మసి తనపై బడిన వెలుగునంతయు మ్రింగివేసి యేమియు తిరిగి యీయదు. అట్టి మసినుండి వెలుగు వచ్చుననిన నమ్ముట కష్టమే.

అయినను 2004వ సంవత్సరమున అదియే జరిగినది. అమెరికాలోని దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయమున షియావ్‌యౌ షూ, వాల్టర్ స్క్రివెన్స్ మున్నగు రసాయనశాస్త్రజ్ఞులు బొగ్గుకడ్డీల నడుమ విద్యుత్తును మెఱపించి మసి చేసినారు. వారికి కావలసినది ఆ మసిలో నుండు అతిసూక్ష్మములైన కర్బనపు గొట్టములు. గొట్టములను మలినములనుండి వేఱుచేయుటకై ఆ మసిని విద్యుత్తు సాయమున వడపోయుచుండగా, మలినములే రంగురంగుల పట్టెలుగా వెలుగుచు కనబడినవి. చేటతో బియ్యము చెఱుగువారికి నూకలలో ముత్యము దొరకినట్లయినది. 2006లో అదే రాష్ట్రమునందలి క్లెమ్సన్ విశ్వవిద్యాలయమున యా-పింగ్ సన్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును అట్టి రేణువులను బుద్ధిపూర్వకముగా చేసి, వానికి కార్బన్ డాట్లని పేరిడినారు. మనము కర్బన బిందువులందము.

మఱుసటి యేడు, అనగా 2007లో, పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు చేసిన పని మన కాటుకకు మఱింత దగ్గఱ. వారు వెలుగుచున్న క్రొవ్వొత్తిపై పట్టిన మసిని దీసికొని, నత్రికామ్లములో చాలసేపు మరగించి, అందుండి రేణువులను పరిమాణమునుబట్టి వేఱుచేసినారు. ఒక్కొక్క జాతి రేణువు ఒక్కొక్క రంగు వెలుగు నిచ్చినది.

అట్లయిన మన కాటుక యేల వెలుగదని అడుగవచ్చును. మామూలు మసిలో రేణువులు గుంపులు గుంపులుగా అంటుకొని యుండును. ఆమ్లము ఆ గుంపులను విడదీయుటయే గాక, ప్రతి రేణువు పైభాగమున ఆమ్లజనితో గూడిన చిన్న చిన్న కొక్కెములను పుట్టించును. అప్పుడే రేణువు నీటిలో కలియుటకును, వెలుగు నిచ్చుటకును తగియుండును. నత్రికామ్లము చర్మమును కాల్చును, దాని ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. ఈ పని యింట చేయదగినది కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఎంత చిన్నది, ఎట్లు వెలుగును?

ఈ రేణువుల కొలత నానోమీటర్లలో చెప్పుదురు. ఒక మీటరును నూఱుకోట్ల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. కర్బన బిందువు సాధారణముగా పది నానోమీటర్లకు మించదు. తలవెండ్రుక మందము ఏబదివేల నానోమీటర్లనుండి లక్ష వఱకు నుండును. అనగా ఒక వెండ్రుక అడ్డుకొలతలో ఈ బిందువులను వరుసగా పేర్చినచో ఐదువేలకు తక్కువ గాకుండ పట్టును.

సోదరి వ్రాసినట్లు ఇవి చీకటిలో తమంత తాము మిణుగురులవలె వెలుగవు. వీనిపై కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను గాని, నీలివెలుగును గాని ప్రసరింపజేయవలెను. రేణువు ఆ కిరణమును త్రాగి, అందు కొంత శక్తిని వేడిమిగా పోగొట్టుకొని, మిగిలిన శక్తిని కంటికి కనబడు వెలుగుగా తిరిగి యిచ్చును. మీది దీపమును ఆర్పిన తోడనే ఈ వెలుగును ఆఱిపోవును. దీనిని శాస్త్రజ్ఞులు ప్రతిదీప్తి యందురు.

ఇది మన యింటికి క్రొత్త చుట్టము కాదు. ట్యూబులైటు గాజుగొట్టములోపల పూసిన తెల్లనిపొడి చేయు పని యిదియే. గొట్టములోని పాదరసపు ఆవిరి ఇచ్చు అతినీలలోహిత కిరణమును ఆ పొడి త్రాగి మనకు తెల్లని వెలుగుగా మార్చి యిచ్చును. మన పసుపునకును ఈ గుణము కలదు. నోట్లను పరీక్షించు దీపము క్రింద పసుపునీరు ఆకుపచ్చ కలిసిన పసుపువన్నెతో మెఱయును. చలిజ్వరములనాడు మన పెద్దలు మ్రింగిన చేదు క్వినైనునకును కలదు. క్వినైను నీటిలో నీలివెలుగు కనబడుటను 1845లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ వర్ణించినాడు. 1852లో జార్జి గేబ్రియల్ స్టోక్స్ దాని మర్మము విప్పి, దానికి ఆంగ్లమున నేడు వాడుకలోనున్న పేరు పెట్టినాడు. ఈనాటికిని కర్బన బిందువుల వెలుగును కొలుచువారు తఱచుగా క్వినైను ద్రావణముతో పోల్చియే కొలుచుదురు.

వంటింటి పొయ్యిమీది రసాయనము

నారింజరసపు మాట మన పొరుగునుండి వచ్చినదే. ఒడిశాలోని రూర్కెలా జాతీయ సాంకేతిక సంస్థకు చెందిన సస్మితా మొహాపాత్ర, స్వాగతికా సాహు అను స్త్రీలును, వారి సహచరులును 2012లో దీనిని ప్రకటించిరి. పిప్పి తీసిన నారింజరసమును మూతబిగించిన పాత్రలో 120 డిగ్రీల వేడిమియందు సుమారు రెండున్నర గంటలు ఉంచినచో, అందలి చక్కెరలు, పులుపు మాడి సన్నని కర్బన బిందువులైనవి. వానిని శుద్ధిచేసి కొలువగా, త్రాగిన ప్రతి నూఱు వెలుగు రేణువులకు ఇరువదియాఱింటిని తిరిగి యిచ్చినవి. గాజుపాత్రలలో పెంచిన జీవకణములకు వానిని అందింపగా, కణముల లోపలికి పోయి అచ్చట వెలిగినవి.

ఆ పాత్ర మన ప్రెషరు కుక్కరుకు అక్కయని తలచుకొనుడు. ఇక మాడుట యను క్రియ మనకు నిత్యానుభవము. బెల్లము పాకము పట్టునపుడు రవ్వంత ఏమఱినచో ఎఱ్ఱబడి, తరువాత నల్లబడును గదా. ఆ నలుపులోను ఈ రేణువు లున్నవి. గౌహతి ఐ.ఐ.టి. వారు 2012లోనే రొట్టె, బెల్లము, మాడ్చిన చక్కెర, బిస్కత్తులు మున్నగు తిండిపదార్థములను పరీక్షించి, వేడిమిచే పుట్టిన కర్బన సూక్ష్మరేణువులు వానియందు కలవని చూపిరి. అనగా మనము తెలియకయే వీనిని తరతరములుగా తినుచున్నాము.

2013లో చీనాదేశపు జిలిన్ విశ్వవిద్యాలయమువారు నిమ్మజాతి పులుపైన సిట్రిక్ ఆమ్లమునకు మఱియొక రసాయనము చేర్చి కాచి, నూటికి ఎనుబది వఱకు వెలుగును తిరిగి యిచ్చు బిందువులను చేసిరి. లోకమంతయు మెచ్చినది. అయితే రెండేండ్ల పిమ్మట అదే విశ్వవిద్యాలయమువారు తమ పనిని తామే మరల పరీక్షించి, ఆ వెలుగులో పెద్దభాగము కర్బనపు గింజది కాక, దానితోబాటు పుట్టిన యొక చిన్న రంగు అణువుదని వెల్లడించిరి. తమ కీర్తికి కొంత లోటైనను నిజమును దాచలేదు. శాస్త్రమునందు మాకు గౌరవము హెచ్చుటకు ఇట్టి నడవడియే కారణము. అమ్మకపువాని మాటకును, శాస్త్రజ్ఞుని మాటకును గల భేదము ఇక్కడనే తెలియును.

విషము తాకిన ఆఱిపోవు దీపము

ఇక నీటి సంగతి. రేణువుపైనున్న కొక్కెములు కొన్ని లోహముల అణువులను పట్టుకొనును. అట్లు పట్టుపడిన లోహము, రేణువు త్రాగిన శక్తిని వెలుగుగా బయటికి రానీయక తాను లాగుకొనును. దీపము మసకబారును. ఎంత మసకబారినదో కొలిచినచో, నీటిలో ఆ లోహ మెంత యున్నదో లెక్కకట్టవచ్చును. ఇనుము, రాగి, పాదరసము మున్నగువానిని ఈ విధముగా పట్టుకొనిరి. పాదరసముచే ఆఱిన దీపమునకు గంధకముగల సిస్టీన్ వంటి పదార్థమును చేర్చినచో, అది పాదరసమును తనవైపునకు లాగుకొనగా దీపము తిరిగి వెలుగుటయు కలదు. ఆఱుటవలన ఒకదానిని, వెలుగుటవలన మఱియొకదానిని కనుగొను ఉపాయ మిది.

పాదరసపు పరీక్షకై చీనాలోని చాంగ్‌చున్ నగరపు శాస్త్రజ్ఞులు 2012లో వాడినది పంపరపనస తొక్క. మనము పారవేయు తొక్కనుండి చేసిన బిందువులు, లీటరు నీటిలో గ్రాము పాదరసమునందు కోటవ వంతులో సగమునకు తక్కువగా నున్నను పసికట్టినవి. చెఱువునీటితో గూడ దానిని పరీక్షించి చూచిరి.

అంత స్వల్పమును పట్టుకొనుట యెందులకని తోచవచ్చును. జపానుదేశమున మినమాటా అను సముద్రతీరపు ఊరి కథ విన్నవారికి ఆ సందేహము రాదు. అచ్చటి రసాయన కర్మాగారమునుండి సముద్రములోనికి పోయిన పాదరసము చేపలలో చేరి, చేపలనుండి మనుష్యులలో చేరినది. 1956లో ఆ వ్యాధి అధికారులకు తెలిసినది. నడక తడబడుట, మాట ముద్దయగుట, చూపు కుంచించుకొనిపోవుట దాని లక్షణములు. అన్నిటికంటె హృదయవిదారకమైనది తల్లుల సంగతి. తమకు పెద్ద బాధ లేకయే వారు కన్న బిడ్డలు, గర్భములోనే విషము సోకి, మెదడు చెడి పుట్టినారు. చేప చూచుటకు బాగుగనే యున్నది, రుచియు బాగుగనే యున్నది. కంటికిని, నాలుకకును అందని విషమును చూపునట్టి సాధనము ఆ తల్లుల కాలమున వారి చేతికి అందియుండినచో నెంత బాగుండెడిది!

అయితే ఈ దీపమునకును లోపములు కలవు. ఇనుము తాకినను ఆఱును, రాగి తాకినను ఆఱును. బావినీటిలో ఎన్నో లవణములు కలిసియుండగా, ఏది ఆర్పినదో తేల్చుట సులభము కాదు. ఒక తోట నారింజవలె మఱియొక తోట నారింజ యుండదు గావున, ఒకమాఱు చేసిన పొడివలె మఱియొకమాఱు చేసిన పొడి యుండదు. ప్రయోగశాలలో శుద్ధజలములో చక్కగా పనిచేసినది పల్లెలోని బోరునీటిలో తడబడుట కలదు. వెలుగును కొలుచు యంత్రము లేనిదే అంకె తేలదు.

ఫ్లోరైడు విషయమునను ప్రయత్నములు జరిగినవి. 2015లో సస్మితా మొహాపాత్ర బృందమువారు అయస్కాంతగుణముగల ఇనుప ఆక్సైడు గింజకు ఇసుకజాతి పొర తొడిగి, దానిపై కర్బన బిందువులను కూర్చినారు. ఫ్లోరైడును వెలుగు మార్పుచే గుర్తించి, పిమ్మట అయస్కాంతముతో ఆ గింజలను నీటినుండి లాగివేయుట దాని యుద్దేశము. ఆలోచన బహు చక్కనిది. అయినను అది అంగటిలో దొరకు సరకు కాలేదు.

వైద్యుని చేతి దీపము

దేహములోని రోగమును చూపుట మఱియు సూక్ష్మమైన కార్యము. వెలుగు నిచ్చు సూక్ష్మబిందువులు కర్బనమునకు ముందే కలవు. కాడ్మియము అను లోహముతో గూడిన క్వాంటం బిందువులను కనిపెట్టి, వానిని చేయు విధమును తీర్చిదిద్దిన బవెండి, బ్రూస్, ఎకిమోవ్ అను మువ్వురికి 2023లో రసాయనశాస్త్రపు నోబెలు బహుమాన మిచ్చిరి. వాని వెలుగు మిక్కిలి సొంపైనది. కాని కాడ్మియము ఒంటికి పడదు. జపానులోనే జింజూ నదీతీరమున గనులనుండి వచ్చిన కాడ్మియము వరిపొలములలో చేరగా, ఆ బియ్యము తిన్నవారి యెముకలు మెత్తబడి విఱిగినవి. బాధితులలో అత్యధికులు పెక్కుమంది బిడ్డలను కని ముట్లుడిగిన స్త్రీలే. నొప్పి, నొప్పి యని వారు అరచిన అరపే ఆ వ్యాధికి జపాను భాషలో పేరైనది. 1968లో అచ్చటి ప్రభుత్వము దానిని కాలుష్యమువలన కలిగిన వ్యాధిగా అంగీకరించినది. ఇట్టి లోహమును రోగి రక్తములోనికి పంపుటకు ఏ వైద్యుడు సాహసించును? అందుచేతనే అందఱి చూపును కర్బనమువైపు మరలినది. మన దేహమే కర్బనముతో కూడినది గదా.

2009లో క్లెమ్సన్ వారు కర్బన బిందువులను ఎలుకల దేహములోనికి ఎక్కించి, అవి వెలుగుటను బయటినుండి చూచిరి. రక్తనాళములోనికి పంపిన బిందువులు ముఖ్యముగా మూత్రముద్వారా వెలుపలికి పోయినవి. పనియైన పిమ్మట అతిథి వెడలిపోవుటవంటి ఈ గుణము వైద్యమునకు ముఖ్యమైనది. మందు అణువులను ఈ బిందువులకు తగిలించి, మందు ఎక్కడికి పోవుచున్నదో వెలుగునుబట్టి చూచుటకును ప్రయత్నములు సాగుచున్నవి. 2014లో చీనాశాస్త్రజ్ఞులు వీని దాయాదులైన గ్రాఫీన్ బిందువులను కాన్సరు గడ్డగల ఎలుకల కెక్కించి, గడ్డపై వెలుగును ప్రసరింపజేసిరి. బిందువులు ఆ వెలుగును త్రాగి, ప్రక్కనున్న ఆమ్లజనిని తీక్ష్ణమైన రూపమునకు మార్చగా, అది గడ్డలోని కణములను చంపినది.

ఇచ్చటను చిక్కులు లేకపోలేదు. ఈ బిందువులలో పెక్కు నీలివెలుగు నిచ్చును. నీలివెలుగు మాంసమును దాటి దూరము పోలేదు. మీ యరచేతి క్రింద దీపము పెట్టి చూడుడు, వ్రేళ్లగుండ వచ్చునది ఎఱ్ఱనివెలుగే. అందుచేత ఎఱ్ఱని వెలుగు నిచ్చు బిందువులకై నేడు కృషి జరుగుచున్నది. ఎలుకకు కొన్ని దినములలో హాని కలుగలేదనుట వేఱు, గర్భిణికిని, పాలిచ్చు తల్లికిని, పసిబిడ్డకును ఏండ్లతరబడి హాని లేదనుట వేఱు. కర్బన బిందువులు వైద్యశాలలలో రోగులకిచ్చు మందుగా ఇంకను రాలేదు.

అయినను ప్రతిదీప్తి యను ఉపాయము వైద్యశాలకు క్రొత్త కాదు. 1871లో జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ చేసిన ఫ్లోరెసీన్ అను పసుపురంగును నేటికిని కంటివైద్యులు చేతినరములోనికి ఎక్కించి, నీలివెలుగులో కంటి వెనుక పొరయందలి రక్తనాళములను చిత్రించుచున్నారు. మధుమేహము గలవారి కంటిలో ఏ నాళము కారుచున్నదో అందు కనబడును. ఆ పరీక్షపిమ్మట ఒకదినము మూత్రము చిక్కని పసుపురంగుగా వచ్చుట సహజము, దానికి భయపడవలదు. మెదడులోని కొన్ని కాన్సరు గడ్డలను కోయుటకు ముందు రోగిచే ఒక ద్రావణము త్రాగించి, నీలివెలుగులో గడ్డ గులాబివన్నెతో మెఱయగా దానిని మాత్రమే తొలగించు పద్ధతియు కలదు. దానికి 2017లో అమెరికా ప్రభుత్వము అనుమతి యిచ్చినది. కర్బన బిందువులు చేరవలసిన పీట ఇదియే. ఇంకను ఆ మెట్లు ఎక్కుచున్నవి.

జాబు వ్రాసిన సోదరికి

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు సమాధానము: ఆ వెలుగు నిజమే. రెండవదానికి సమాధానము: మీ బిందెలో వేసి చూచుకొనదగిన పొడిగా అది రాలేదు. ఎవరైనను నానో బొగ్గుపొడియని చెప్పి నీటిలో కలుపుకొమ్మనియో, మ్రింగుమనియో అమ్మవచ్చినచో, దయయుంచి ఒక్క పైసయు నీయకుడు.

అయితే మీ యింటి సంగతి ఆ పొడికొఱకు ఆగదగినది కాదు. నడుము వంగుట, మెడ బిగిసికొనుట, పిల్లల పండ్లపై చారలు పడుట, ఈ మూడును ఒక యింట కనబడినపుడు మొదట అనుమానింపవలసినది నీటిలోని ఫ్లోరైడునే. తెలుగునేలకు ఈ వ్యాధి పాతచుట్టము. 1937లోనే నాటి చెన్నరాజధానిలోని నెల్లూరుజిల్లా పల్లెలలో వైద్యులు దీనిని గుర్తించి వర్ణించిరి. తరువాత నల్లగొండజిల్లా పేరు దీనితో ముడివడిపోయినది. రాళ్లలోని ఫ్లోరైడు లోతునీటిలో కరగి వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. మీ నీరు అద్దమువలె తేటగా నున్నదన్న మాట మాకు ధైర్యము నీయలేదు.

ముఖ్యముగా నొక మాట. నీటిని కాచి చల్లార్చుట మంచి యలవాటు, క్రిములు చచ్చును. కాని ఫ్లోరైడు కాచుటవలన పోదు. పైగా నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. గుడ్డతో వడగట్టినను పోదు. ఈ సంగతి తెలియక చాలమంది తల్లులు పిల్లలకు బాగుగా మరగించిన నీటినే పట్టుచు నిశ్చింతగా నున్నారు.

కావున మొదటి పని పరీక్ష. మన ప్రమాణములనుబట్టి లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము లోపల నుండవలెను. వేఱు నీరు లేనిచో ఒకటిన్నర వఱకు ఓర్చుకొనవచ్చును, దానికి మించరాదు. 2019లో మొదలైన జలజీవన పథకమున ప్రతి గ్రామమునందు ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష పెట్టెను వాడుట నేర్పవలెనని నియమము కలదు. మీ పంచాయతీలో ఆ పెట్టె యెవరివద్ద నున్నదో అడుగుడు. అందు చేర్చు మందువలన నీటి రంగు మారును, ఆ రంగును పట్టికతో పోల్చి ఫ్లోరైడు పాలును చెప్పుదురు. చూడగా ఇదియు కర్బన బిందువుల పనియే, సాధనము మాత్రము పాతది. ఖచ్చితమైన అంకె కావలసినచో జిల్లా నీటిపరీక్షా కేంద్రమునకు సీసాతో పంపవచ్చును.

పరీక్షలో హద్దు మించినచో, త్రాగుటకును వంటకును ఆ బోరునీరు మానవలెను. బట్టలుతుకుటకు, గిన్నెలు తోముటకు వాడుకొనవచ్చును. మీ వైపునకు 2016లో ఆరంభమైన భగీరథ పథకపు కుళాయిద్వారా నదీజలము వచ్చుచున్నచో, త్రాగుటకు దానినే పట్టుకొనుడు. కుళాయి రాని దినములలో పొరుగుబావిని నమ్ముటకు ముందు ఆ బావినీటిని గూడ పరీక్షింపజేయుడు. నాగపురపు పరిశోధనసంస్థవారు రూపొందించిన, సున్నము, పటిక కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతికి మీ జిల్లాపేరే పెట్టబడినది. దాని పాళ్లు నీటినిబట్టి మారును గావున తెలిసినవారి పర్యవేక్షణలోనే చేయింపవలెను. పటిక మోతాదు మించిన నీరు త్రాగరాదు.

అత్తగారి నడుము పూర్వపు స్థితికి వచ్చుననెడి ఆశను మేము కల్పింపజాలము. ఎముకలలో పేరుకొన్న దానిని తీసివేయు మందు లేదు. కాని నీరు మార్చినచో వ్యాధి ముదురకుండ ఆగుటకును, బాధ కొంత తగ్గుటకును వీలు కలదు. వైద్యునిచే ఒకమాఱు చూపింపుడు. పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరిక భోజనములో తఱచుగా నుండునట్లు చూడుడు. చిన్నవాని విషయమున తొందర యవసరము. శాశ్వతదంతముల పైపొర ఎనిమిదియేండ్ల లోపల ఏర్పడును. ఆ వయసులోపలనే నీరు మార్చినచో, ఇంకను రాని పండ్లను కాపాడుకొనవచ్చును. మీ యింట ఇంకను చిన్నబిడ్డలు, గర్భిణులు ఉన్నచో మంచినీటి బిందె మొదట వారిది కావలెను.

ఇరుగుపొరుగు ఇండ్లలోను ఇదే నీరు త్రాగుచుందురు గదా. పరీక్షకు పోవునపుడు ఒంటరిగా పోక, నలుగురు స్త్రీలు నాలుగు సీసాలతో కలిసి పొండు. అంకెలను కాగితముపై వ్రాయించుకొని పంచాయతీలో చదివి వినిపింపుడు. నీరు తెచ్చునదియు, నీటితో వండునదియు మనమే కాగా, ఆ నీటి లెక్క మన చేతిలో లేకుండుట న్యాయము కాదు.

పరీక్షాఫలితము వచ్చిన పిమ్మట, అంకె ఎంతయో, సీసాలో నీరు పట్టిన తేది యేదియో ఒక కార్డుపై వ్రాసి పంపవలసినదిగా ఆ సోదరిని కోరుచున్నాము. దానినిబట్టి తరువాత చేయవలసిన దానిని రాబోవు సంచికలో ముచ్చటించెదము.